వాసన లేని మొరారానా

“రేపు కంచె పడుతుంది. ఇక ఈ కొండవాలు మీద ఎవరూ ఒక్క ఆకు తుంచకూడదు,” అంటూ మొక్కల శాస్త్రవేత్త డాక్టర్ సెఖోబె కాగితాన్ని ఊరిపెద్ద ముందుకు జరిపాడు. ముద్ర పడటమే తరువాయి.

మాలినేయో దుప్పటి బిగించి కప్పుకుని అడ్డం వచ్చింది. ఊళ్లో ఎవరికి తలనొప్పి వచ్చినా, జలుబు చేసినా ఆమె వైద్యమే. ఆ వాలు మీది మొరారానా తీగే మందు.

“అది మన మొరారానాయే నాయనా. దానికి కంచెందుకు?”

“కాదమ్మా, కొత్త జాతి. ప్రపంచంలో ఇంకెక్కడా లేదు.” ఆమె ఇంటి పొయ్యి పక్కన ఆరబెట్టిన అట్టల మధ్య, పొద్దున కోసి నొక్కిపెట్టిన కొమ్మను చూపించి ముక్కు చీదుకున్నాడు. దిబ్బడకి మాట ముద్దగా వస్తోంది. “బొరారాదా పాకుతుంది. ఇది పాకదు. పొదలా నిలబడింది.”

“మేకలు చివుళ్లు కొరికేస్తే ఏం పాకుతుంది? నిన్ను కొరికినా నువ్వూ పాకవు.”

ఊరిపెద్ద దగ్గొచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు.

“అసలు తేడా విదు.” డాక్టర్ పుస్తకం తెరిచి చదివాడు. “బొరారాదా ఆకు నలిపితే ఘాటు ముక్కులో సూదిలా దిగుతుంది. దీనికి వాసనే లేదు. నాలుగుసార్లు నలిపి చూశాను. నాలుగుసార్లూ సున్నా!”

“అంత ఖాయమా నాయనా?”

“నా ఉద్యోగమంత ఖాయం.” నుదురు నొక్కుకున్నాడు. “తల పగిలిపోతోంది. తొందరగా ముద్ర వేయండి పెద్దయ్యా.”

“ఆ తలతో కొండ దిగితే లోయలో తేలతావు. ఉండు.”

మాలినేయో పొయ్యి దగ్గరికి వెళ్లి, కాసేపటికి పొగలు కక్కే ముంత తెచ్చి ఆయన ముందు పెట్టింది. తన దుప్పటి తీసి తలమీదుగా కప్పింది. లోపల ఏడు తుమ్ములు వినిపించాయి. ఊరిపెద్ద వేళ్ల మీద లెక్కపెట్టాడు.

డాక్టర్ ఎర్రటి ముక్కుతో, తడి కళ్లతో బయటికొచ్చాడు. గొంతు గంటలా మోగింది.

“మొరారానా! అసలైన మొరారానా అంటే ఇదీ! ఏం ఘాటు! తలనొప్పి ఎగిరిపోయింది. చూశారా పెద్దయ్యా, దీనికీ నా కొమ్మకూ పోలికే లేదు. ఈ ఆకు ఎక్కడ కోశావమ్మా? రాసుకుంటాను.”

మాలినేయో రెండు ఖాళీ అట్టలు తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది.

“ఇంట్లో ఆకు నిండుకుంది నాయనా. నీ కొమ్మే వేశాను.”