జపాను దొరకు బచ్చలాకు అన్నం

“పోయినసారి ఆ జనార్ధన్‌గాడు నా కొంప ముంచినాడు. జపాను దొరను జట్కాలో నా గోదాము ముందర నుంచే తోలుకోనిపోయి శేషన్న ఇంట్లో దింపినాడు. శేషన్న పత్తి సముద్రం దాటె. నా పత్తి ఈడనే కూకునె.”

రామసుబ్బయ్య శెట్టి అరిటాకు మీద పరిచిన వేడి అన్నాన్ని విసనకర్రతో విసురుతూ ఈ మాట ఆ పొద్దుటి నుంచి నాలుగోసారి అన్నాడు.

“తిట్టేది మాని గట్టిగా విసరండి. అన్నం ఆరందే చుట్ట నిలవదంట,” అంది భార్య ఈశ్వరమ్మ.

అది 1934 వేసవి. జపాను వాళ్ళు అలిగి మన పత్తి కొనడం మానేసి, ఈ మధ్యనే మళ్ళీ కొనడం మొదలుపెట్టారు. ఆదోనిలో రామసుబ్బయ్య గోదాములో ఎనభై బేళ్ళు పడి ఉన్నాయి. రేకులకు చిల్లులు. ముంగారు వాన ఒక్కటి పడితే పత్తి దూది కాదు, పేడ. అందుకే ఆయన పౌరుషం దిగమింగి దలాలి జనార్ధన్‌ను బతిమాలాడు. ఈసారి దొర భోజనానికి తమ ఇంటికే వస్తున్నాడు.

ఏం వండాలో చెప్పింది కూడా జనార్ధనే. బొంబాయిలో జపాను గుమాస్తాల పక్కగదిలో మూడేళ్ళున్నాడు. పుల్లటి అన్నం, సముద్రపు నాచు, లోపల చేప, చాపతో చుట్టి కత్తితో కోసేది. చేప మాట వినగానే రామసుబ్బయ్య చెవులు మూసుకున్నాడు. బేరం గుర్తొచ్చి తెరిచాడు.

చేప బదులు దోసకాయ, ముల్లంగి, పచ్చిమామిడి పొడుగ్గా తరిగారు. నాచు బదులు బచ్చలాకులు ఆవిరికి వాడ్చారు. పులుపుకు నిమ్మరసం, చారెడు చక్కెర. బియ్యం తుంగభద్ర ఒడ్డు నుంచి తెప్పించిన కొత్తబియ్యం, ముద్దగా అంటుకుంటుందని. పూజలో కూర్చునే చిన్న ఈతచాపను కడిగి ఎండబెట్టారు.

మొదటి చుట్ట నడుముకు చిట్లింది. రెండోదాంట్లోంచి ముల్లంగి జారిపోయింది. ఎనిమిదోది నిలబడింది. ఈశ్వరమ్మ దానిమీద నల్లనువ్వులు చల్లుతుంటే ముసలామె అలివేలమ్మ వంటింటి గడపలోకి వచ్చింది.

“ఏరా సుబ్బయ్యా, సల్లన్నం, నల్లనువ్వులు! మీ నాయన తద్దినం ఇంకా రెండు నెలలుంది గదరా?”

“అమ్మా, అది జపాను పలారం.”

“మరి ఆ కాకి ఎందుకొచ్చి కూకుండె?”

నిజంగానే పెరటి గోడమీద కాకి కూర్చుంది. రామసుబ్బయ్య విసనకర్ర విసిరేశాడు. కాకి కదల్లేదు. ఈశ్వరమ్మ నువ్వులన్నీ ఒక్కొక్కటే ఏరేసింది.

పగలు పన్నెండుకు జనార్ధన్ కవాయి దొరను వెంటబెట్టుకొని వచ్చాడు. పొట్టి మనిషి, తెల్లకోటు, చేతిలో తోలుసంచి. గడపలోనే నడుము వంచి దండం పెట్టాడు. రామసుబ్బయ్య అంతకంటే కిందికి వంగాడు.

“శెట్టన్నా, దొర వచ్చిన పని ముందే చెప్తా. ఎమ్మిగనూరు సంతకు వారం వారం నీ బండ్లు పోతాయని చెప్పినా. దొర...” అని జనార్ధన్ మొదలుపెట్టాడు.

“నోరు మూయప్పా! ఇంటికొచ్చిన మనిషికి మొదట అన్నం. పనేందో నాకు తెలీదా?”

దొర బచ్చలాకు చుట్టను నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. కాసేపు కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు తెరిచి ఇంకొకటి తీసుకున్నాడు. మొత్తం పదకొండు తిని, తన భాషలో ఏదో అన్నాడు.

“ఏమంటాండాడు?”

“వాళ్ళమ్మ గుర్తొచ్చిందంట.”

రామసుబ్బయ్య భార్య వైపు గర్వంగా చూశాడు, తానే వండినట్టు.

చెయ్యి కడుక్కున్నాక దొర సంచిలోంచి నున్నటి గుడ్డముక్కలు తీసి పరిచాడు. రామసుబ్బయ్య వేళ్ళతో తడిమి చూశాడు. రెండేళ్ళ కిందట సభలో పరదేశి గుడ్డలు కాల్చినప్పుడు అగ్గిపెట్టె ఇచ్చింది ఆయనే. ఆ సంగతి ఇప్పుడెందుకు?

“సూస్తివా ఈశ్వరీ, మన పత్తి ఆడికి పోయి ఎంత సొగసుగా తయారైతాదో!”

జనార్ధన్ భుజం మీది తువాలు తీశాడు. ఆదోని పత్తి బజారులో ధర నోటితో చెప్పరు. దలాలి తువాలు కింద ఇద్దరి వేళ్ళూ పట్టుకొని అటూ ఇటూ మోస్తాడు. ఒక్కో వేలు బేలుకు పది రూపాయలు.

“ఎన్ని బేళ్ళు శెట్టన్నా?”

“ఎనభై. ఒకే దెబ్బ!”

జనార్ధన్ దొర పక్కన కూర్చొని లేచాడు. రామసుబ్బయ్య దగ్గరికి వచ్చి తువాలు కింద ఎనిమిది వేళ్ళు నొక్కాడు. రామసుబ్బయ్య పది నొక్కాడు.

జనార్ధన్ ఆయన మొహంలోకి చూశాడు. “శెట్టన్నా, ఎనిమిదికే ఒప్పుకున్నాడు. మళ్ళా ఆలోచన చెయ్.”

“పదే! ఒక్క వేలు తగ్గేది లేదు. అన్నం తిన్న విశ్వాసం ఉంటే ఒప్పుకోమను.”

దలాలికి నూటికి ఇంతని ముడుతుంది. జనార్ధన్ తువాలు సర్దుకున్నాడు. దొర పక్కకు పోయి పది వేళ్ళూ నొక్కాడు.

దొర లేచి నిలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు. నడుము విరిగేలా మూడుసార్లు వంగాడు. ఇంగ్లీషు కాగితం తీశాడు. రామసుబ్బయ్య చదువు మూడో తరగతి. తెలుగులో వంకరగా సంతకం గీశాడు.

“రూకలు?”

“సరుకు చేతికందినాక,” అన్నాడు జనార్ధన్.

పద్దెనిమిదో రోజున పత్తి బండ్లు వరసగా ఆదోని రైలు స్టేషనుకు పోయాయి. ముందు బండిలో రామసుబ్బయ్య, కొత్త పంచెతో. ఎదురైన వాళ్ళందరికీ బచ్చలాకు సంగతే చెప్పాడు. శేషన్న కొట్టు ముందు కాసేపు బండి ఆపించాడు కూడా.

గూడ్సు గుమాస్తా కృపానందం కాగితం రెండుసార్లు చదివాడు.

“శెట్టిగారూ, ఈ పత్తి యాడికి?”

“జపానుకప్పా! రాసుండ్లా?”

కృపానందం బొంబాయి నుంచి ఆ తెల్లవారే వచ్చిన గూడ్సు పెట్టె వైపు చూశాడు.

“బండ్లు ఖాళీ చేయించండి.”

“దేనికి?”

“మీ సరుకు ఎక్కించుకునేదానికి.”

ఎనిమిది వేల రూపాయలకు ఎనభై బేళ్ళ జపాను గుడ్డ కొన్నది రామసుబ్బయ్యే.