పదిహేడో మంచం

"పొద్దున్న టిఫినూ లేదు, ఇప్పుడు భోజనమూ లేదు. ట్రాలీ రెండుసార్లూ ఆయన్ని దాటుకుని పోయింది. పదిహేడో మంచం మీదున్నది మనిషి కాదా?" వార్డు భోజనాల లిస్టు నా కీబోర్డు మీద పడేసింది సిస్టర్.

ఆ లిస్టు తీసే ప్రోగ్రాం నేను రాసిందే. ఈ రోజే మొదలుపెట్టాం. వార్డులో నలభై మంది ఉన్నారు, లిస్టులో ముప్పై తొమ్మిది మందే.

"ఆయన అటెండెంటు ఎవరు?"

"ఎవరూ లేరు."

నా తెలివితక్కువతనం అప్పుడర్థమైంది. "పేషెంటునీ, అతని పేరుకి లింకు చేసిన అటెండెంటునీ చూపించమని రాశాను సిస్టర్. ఆ లింకు దొరక్కపోతే పేషెంటు కూడా లిస్టులోకి రాడు."

"బాగానే ఉందయ్యా! తోడు లేకపోతే మనిషే లేనట్టా?"

లింకు లేకపోయినా మనిషిని ఉంచి, పక్క గడి ఖాళీగా వదిలెయ్యమని మార్చాను. నలభై పేర్లూ వచ్చాయి. కొత్త లిస్టుతో పాటు భోజనం నేనే పట్టుకెళ్ళాను.

పెద్దాయన మెల్లగా లేచి కూర్చున్నాడు. "ఏదో టెస్టు కోసం పస్తు ఉంచారనుకున్నా బాబూ."

"అడగాల్సిందండీ."

"ఎవర్నడగను? ఎవరి హడావిడిలో వాళ్ళున్నారు."

తింటూ తింటూ లిస్టులోకి తొంగిచూశాడు. "అందరి పేర్ల పక్కనా ఇంకో పేరుందే. మరి నా పక్కన?"

ఖాళీ అనడానికి నోరు రాలేదు. "ఇంకా నింపలేదండీ."

"తొందరేం లేదులే." నీళ్ళు తాగి గ్లాసు పక్కన పెట్టాడు. "నింపడానికి రేపు మళ్ళీ వస్తారుగా?"