ఊపిరాడని పెట్టె

"ఇది వద్దు మామా. సస్తా మాలు. మన పాత పెట్టెనే నయం" అన్నాడు ఐలేశం, దుకాణంలో మామ ముందున్న కొత్త హార్మోని పెట్టెను చూపిస్తూ.

ఆ మాట గుర్వయ్య వినలేదు, చూశాడు. మూడేళ్ల కింద జ్వరమొచ్చి రెండు చెవులూ మూసుకుపోయినప్పటి నుంచి అతను ఎదుటివాళ్ల పెదవులను చూసే మాటలు పట్టుకుంటున్నాడు. ఆ సంగతి ఇంట్లోవాళ్లకు కూడా తెలియదని అతని ధీమా. తెలిస్తే ఇంకేమన్నా ఉందా? చెవి పోయినవాడు హార్మోని పెట్టె ముట్టకూడదని భాగవతం మేళంలో తాతలనాటి కట్టుబాటు. ముప్పై ఏళ్లు ఊరూరా 'పెట్టె గుర్వయ్య' అనిపించుకున్నవాడు ఉత్త గుర్వయ్య అయిపోతాడు. ఆ తలపు వస్తే చాలు, అతనికి తిన్నది ఒంటబట్టదు.

ఐలేశం దుకాణం సేటు భీమయ్య వైపు తిరిగి ఏదో అనబోయాడు.

"అల్లుడా, పెద్దోనితోటి మాట్లాడేటప్పుడు మొఖం చూపిచ్చి మాట్లాడాలె. గంత మర్యాద తెల్వదా?" అని గుర్వయ్య కసిరాడు.

ఐలేశం ఇటు తిరిగాడు. "పాత పెట్టెకు ఏమైంది మామా? మొన్న ఆటల జనం ఎంత మెచ్చుకున్నరు. అండాలు గూడ కొత్తది వద్దనే అన్నది."

"అండాలుకేం ఎరుక? పరదా ఎన్క కూసొని వేషగాళ్లకు రంగులు పూసుకునేదానికి పెట్టె ముచ్చటెందుకు? చిన్నప్పుడు నా బిడ్డ గదా అని నాలుగు మెట్లు నేర్పిస్తే, ఇప్పుడు నాకే సుద్దులు చెప్తాంది." గుర్వయ్య గొంతు తగ్గించాడు. "రెండేండ్ల సంది పాత దానికి ఊపిరాడ్తలేదు. తిత్తి ఒత్తుదామంటే గోడను నూకినట్టున్నది. ఎల్లుండి గుట్ట జాతరల ఆట. గా చచ్చిన పెట్టెతోటి నేను నర్సింహస్వామి ముంగట కూసోను."

 ఐలేశం మొహం వాడిపోయింది. కొత్త పెట్టె అనగానే మేళంలో అందరికీ ఇదే జబ్బు, ఎవడికి వాడు పాతదే బంగారమంటాడు. తాను పడుతున్న అవస్థ ఒక్కరికీ పట్టలేదని గుర్వయ్య లోలోపల తిట్టుకున్నాడు.

భీమయ్య సేటు తళతళలాడే ఇంకో పెట్టె తెచ్చి ముందు పెట్టాడు. "గట్లయితే గిది చూడు గుర్వయ్యా. అసలు టేకు. కొంచెం ఎక్కువ, కాని పది తరాలుంటది."

గుర్వయ్య దాన్ని ఒళ్లోకి తీసుకోలేదు. అడుగు చెక్క మీద గోరు పెట్టి గీశాడు, గోరు కింద రంగు లేచింది. వాసన చూశాడు. "మామిడి చెక్కకు టేకు రంగేసినవు సేటు. మూలలకు మరలు లేవు, మొలలు కొట్టి లప్పం పెట్టినవు. ఒక్క వాన పడితే నోరు తెరుస్తది. పైన పటారం, లోన లొటారం."

సేటు నవ్వి ఆ పెట్టెను పక్కకు జరిపాడు.

గుర్వయ్య మళ్లీ మొదటి పెట్టెనే దగ్గరికి లాక్కున్నాడు. చూపుకు ఆనదు, మెరుపు లేదు, పిడి వంకర. కాని తిత్తిని దీపం ముందు విప్పి పట్టుకుంటే ఒక్క చిల్లి నుంచి కూడా వెలుగు రాలేదు. మూలమూలకూ మర ఉంది. ఎడమ చేత్తో తిత్తి ఒత్తుతూ కుడి చేత్తో ఒక్కో మెట్టూ నొక్కుతూ పోయాడు. ఒక నల్ల మెట్టు దగ్గర చెయ్యి ఆగింది.

"సేటు, దీని కింద రీడుకు దుమ్ము పట్టింది. మాట పెగుల్తలేదు."

భీమయ్య మూత విప్పి, ఆ ఇత్తడి రేకును వేలితో తుడిచి, తలెత్తి ఆశ్చర్యంగా చూశాడు. "ఏం చెవి గుర్వయ్యా నీది."

ఆ పెదవులను చదివి గుర్వయ్య గర్వంగా మీసం దువ్వుకున్నాడు. చెవి కాదు, వేలు. రీడు పలికితే మెట్టు సన్నగా వణుకుతుంది, చెవులు పోయాక ఆ వణుకే అతనికి సంగీతం. పాత పెట్టెలో అది రెండేళ్ల కిందే ఆగిపోయింది. ఇప్పుడు మళ్లీ వేళ్ల కొసల నుంచి మోచేతి దాకా పాకుతోంటే అతనికి ఏడుపొచ్చింది. కళ్లు మూసుకొని ఒక కీర్తన మొదలుపెట్టి చివరి దాకా వాయించాడు. కళ్లు తెరిచేసరికి ఐలేశం తల వంచుకొని నిలబడి ఉన్నాడు. సేటు చేతులు చెవుల దగ్గర నుంచి గబుక్కున కిందికి దిగాయి. చెమట తుడుచుకుంటున్నాడనుకున్నాడు గుర్వయ్య.

"ఇదే తీస్కుందాం అల్లుడా. ఇగ నా చెయ్యి ఆగదు" అన్నాడు.

ఐలేశం తలూపాడు. "సరే మామా. నీ ఇష్టం."

గుర్వయ్య సంబరంగా లేచి, పెట్టె కట్టుకోవడానికి తెచ్చిన దుప్పటి కోసం మూల ఉన్న మూట దగ్గరికి వెళ్లాడు. ఎదురుగా గజ్జెలూ తాళాలూ పెట్టిన అద్దాల బీరువా ఉంది. దుప్పటి దులుపుతూ తలెత్తితే వెనకున్న ఇద్దరూ అద్దంలో కనిపించారు. ఐలేశం సేటు చేతులు రెండూ పట్టుకొని మాట్లాడుతున్నాడు. అల్లుడు బేరం తగ్గించమని బతిమాలుతున్నాడేమోనని గుర్వయ్య నవ్వుకుంటూ ఆ పెదవుల మీద చూపు నిలిపాడు.

"నీకు దండం పెడ్త సేటు, రీడ్ల మీద కాగితం అతికిచ్చి ఇయ్యి. పాత దానికి నేనే అతికిచ్చిన. మామ ఎంత వాయించినా సప్పుడు బయటికి రావొద్దు. రెండేండ్ల సంది పరదా ఎన్క అండాలే వాయిస్తాంది."