హీరో పడకూడదు

మదనపల్లెలో ఫోన్ గేములు తయారుచేసే సబాకు మొదటి పెద్ద పని దొరికింది. పుంగనూరు నిర్మాత రెడ్డెప్ప తన కొత్త సినిమాను గేముగా చేయమన్నాడు.

"మా హీరోకి దెబ్బ తగలకూడదమ్మా. కింద పడకూడదు. సావనే కూడదు."

"ఓడిపోతామనే భయం లేకపోతే ఎవురాడతారు సార్?"

"ఆయన ఫ్యాన్సుండారు గదా, సాలు!"

సినిమాతోపాటే గేమూ విడుదలైంది. వారం తిరక్కుండానే రెండూ మునిగాయి. కుప్పం నుంచి ఒకాయన రివ్యూ రాశాడు: "సినిమా సూసొచ్చినా. ఈయప్పను కొట్టే బటన్ యాడుండాది?"

తను చేసిన గేము ఇలా నవ్వులపాలవడం సబాకు తలకొట్టేసినట్టయింది. ఎవరినీ అడక్కుండా, బటన్ నొక్కితే హీరో దెబ్బలు తిని బోర్లా పడేలా మార్చేసింది. రెండు రోజుల్లో లక్షమంది ఆడారు.

మూడోరోజు రెడ్డెప్ప ఫోన్ చేశాడు. కేసు పెడతాడేమోనని సబా ఆయన్ను మాట్లాడనివ్వలేదు.

"పాతదే మళ్లీ పెట్టేస్తాను సార్," అంది.

"వద్దు తల్లీ!" రెడ్డెప్ప గొంతు తగ్గించాడు. "పొద్దున్నించి నేనే హీరోను నలభైసార్లు పడేసినా. ఆయప్ప షూటింగులో రెండేండ్లు నన్ను ఏడిపించినాడు. ఇప్పుడు కొంచెం మనసు సల్లబడతాండాది."