పళ్ళ మధ్య నట్టు

ఆ మేస్త్రీ విప్పలేని స్టీరింగు భూమ్మీద లేదు. కళ్ళకు గంతలు కట్టి, చేతులు వెనక్కి విరిచి కట్టినా సరే, పళ్ళతో విప్పి పారేసేవాడు.

ఆ రోజు మిట్టమధ్యాహ్నం, వీధి వీధంతా చెవులు మూసుకునేలా హారన్ మోగించుకుంటూ ఒక పాత కారు అతని షెడ్డులోకి వచ్చింది.

దిగింది ఒక టీచరమ్మ. వెనక సీట్లో ఆరేళ్ళ కూతురు, చేతిలో ఖాళీ గ్లాసు.

"పళ్ళరసం మొత్తం స్టీరింగు మీద ఒంపేసిందండీ. అప్పట్నుంచీ ఇదే గోల."

"దానికీ దాహమేసిందేమోలే అమ్మా!" మేస్త్రీ బ్యాటరీ తీగ పీకాడు. గోల ఆగింది. "అరగంట కూర్చోండి. పెళ్ళికూతుర్ని చేసి ఇస్తా."

"అరగంటంటే అరగంటే. మా అత్తయ్యని ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకెళ్ళాలి."

బల్ల మీద అప్పటికే ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. బండి లేదు, పని లేదు. ఎండకి కాసేపు ఆగుతానన్నాడు, మేస్త్రీ సరేనన్నాడు. వినేవాడు దొరికితే మేస్త్రీకి అంతకంటే ఏం కావాలి?

స్టీరింగు మధ్యనున్న హారన్ మూత ఊడదీశాడు. దాని కింద, చక్రాన్ని కడ్డీకి పట్టి ఉంచే పెద్ద నట్టు. అది విప్పి పళ్ళ మధ్య పెట్టుకున్నాడు.

పళ్ళతో విప్పేవాడని మొదట్లో ఓ కోత కోశాను కదా, అసలు సంగతి ఇంతే. విప్పేది అందరిలాగే పానాతోనే. కాకపోతే విప్పిన నట్టు తిరిగి బిగించేదాకా పళ్ళ మధ్యే ఉండాలి. భార్య పెట్టిన కట్టుబాటు అది. "నోట్లో నట్టుంటే బిగించడం మర్చిపోరు, వినేవాళ్ళకీ కాస్త తెరిపి" అనేదావిడ.

చక్రానికీ కడ్డీకీ కలిపి సుద్దముక్కతో గీత గీశాడు. చక్రాన్ని అటూ ఇటూ ఊపి లాగాడు. తొట్టెలో సబ్బునీళ్ళు, చేతిలో అరిగిపోయిన టూత్‌బ్రష్షు. సందుల్లో పాకంలా పట్టిన రసం, దాని కింద పదేళ్ళ అరచేతుల జిడ్డు నల్లగా ఊడి వస్తున్నాయి.

"అమ్మో, ఎంత మురికో!" అంది పాప.

మేస్త్రీకి ఉండబట్టలేదు. నట్టు తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"ఇదొక మురికా తల్లీ! ఒకసారి ఒక లారీ స్టీరింగు కడిగితే, లోపల్నుంచి ఇంకో స్టీరింగు బయటపడింది!"

పాప పడీపడీ నవ్వింది. టీచరమ్మా నవ్వింది. ముసలాయన నవ్వలేదు.

మేస్త్రీ ఆ ఊపులోనే చక్రం తుడిచి, గీతకి గీత కలిపి కూర్చోబెట్టాడు. అరచేత్తో రెండు దెబ్బలు వేశాడు. తీగలు తగిలించి మూత నొక్కాడు. హారన్ ఒక్కసారి 'పీం' అని బుద్ధిగా ఊరుకుంది.

"మేస్త్రీ, నట్టు బిగించావా?" ముసలాయన లేచి నిలబడ్డాడు.

"ఏంటి పెద్దాయనా?"

"మూత ఒక్కసారి తీసి చూడు బాబూ."

టీచరమ్మ ముందు ఆ మాట! మేస్త్రీకి ఒళ్ళు మండింది.

"నీ వయసంత సర్వీసు నాది! నీడకి కూర్చోమంటే నెత్తికెక్కుతావా? హారన్ మోగింది, వినపడలా?"

"హారన్‌కి నట్టుతో పనేముంది? ఒక్కసారి తియ్యి. నీ కాళ్ళు పట్టుకుంటా." అతను లొంగేలా లేడని టీచరమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, ఎక్కొద్దు."

ఆవిడ మేస్త్రీ వంక చూసింది.

"ఎండదెబ్బండీ, పాపం. మీరు బయల్దేరండి." మేస్త్రీ ముసలాయన మోచెయ్యి పట్టుకుని బయటికి నడిపించాడు.

ముసలాయన చెయ్యి విడిపించుకున్నాడు. గబగబా రోడ్డు వెంట దిగిపోయాడు. పాప కుళాయి దగ్గర చేతులు కడుక్కుని వచ్చింది. కారు కదిలింది.

మేస్త్రీ టీ పోసుకున్నాడు. అగ్గిపెట్టె కోసం జేబు తడిమాడు.

చేతికి నట్టు తగిలింది.

గ్లాసు అక్కడే పడేసి పరిగెత్తాడు.

షెడ్డు దాటితే అంతా దిగుడే. దిగుడు చివర మలుపు, మలుపు పక్కన లోతైన కాలువ.

కారు మలుపు దాకా పోలేదు. దిగుడు మొదట్లోనే ఒక గోడని గుద్దుకుని ఆగింది. పాప ఏడుస్తోంది, ఒంటి మీద గీరు కూడా లేదు. టీచరమ్మ స్టీరింగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"చేతులు చాపి రోడ్డుకి అడ్డంగా నిలబడ్డాడు... బ్రేకు తొక్కాను... తప్పిద్దామని తిప్పితే ఇది చేతుల్లోకి ఊడొచ్చేసింది."

ముసలాయన గోడకీ కారుకీ మధ్య ఉన్నాడు. ప్రాణం లేదు.

కాసేపటికి వచ్చిన కానిస్టేబులు చిరునామా కోసం ఆయన జేబులు వెతికాడు. కాగితం ముక్క లేదు. ఒక నట్టు మాత్రం దొరికింది.

"ఇదేనా మేస్త్రీ, ఈ కారు నట్టు? ముసలాడే కొట్టేశాడా?"

అవునంటే చాలు, మేస్త్రీ బయటపడేవాడే. జీవితంలో మొదటిసారి అతని నోటికి అబద్ధం రాలేదు. పిడికిలి విప్పాడు.

"ఈ కారుది ఇదిగో. నా జేబులో ఉండిపోయింది."

"మరి ఇదెక్కడిది?"

మేస్త్రీ దాన్ని తీసుకుని తిప్పి చూశాడు. అదీ స్టీరింగు నట్టే. పాతికేళ్ళ కిందటే రోడ్ల మీద కనపడకుండా పోయిన వ్యానుది. అంతా తుప్పు.

మేస్త్రీ అన్నవాడి జేబులో నట్టు ఉండిపోయిందంటే, ఎక్కడో ఒక బండికి అది లేనట్టే. ఆ ముసలాయన కూడా ఒకప్పుడు మేస్త్రీయేనని, ఆయన పరిగెత్తిన రోజున ఆయనకి బండి అందలేదని, ఎవరూ చెప్పకుండానే అతనికి అర్థమైంది.

మొదటి కోత పోగా ఈ కథలో నా కల్పన ఒక్కటే, ఆ తుప్పు: నిజానికి పాతికేళ్ళు వేళ్ళతో రాసీ రాసీ, ఆ నట్టు వెండిలా మెరుస్తోంది.