అరచేతి పొయ్యి

“ఇది పొయ్యా బాబూ, బొమ్మల కొలువులో పెట్టే బొమ్మా?”

లోటా అంత ఉన్న ఆ స్టీలు పొయ్యిని అరచేతిలో నిలబెట్టుకుని వెంకటనరసమ్మ అడిగింది.

“పొయ్యేనండీ. గ్లాసుడు బియ్యం చక్కగా ఉడుకుతాయి. పుల్లలు చాలు,” అన్నాడు ఉదయ్.

ఏలూరులో తాతగారి నాటి స్టీలు సామాన్ల కొట్టులో సగానికి తెర కట్టి, ఏడాది కిందట అతను కొండలెక్కేవాళ్ళ సామాను పెట్టాడు. సైకాలజీలో ఎమ్మే చేసినవాడు. గుమ్మంలో చెప్పులు విడిచేలోపు మనిషిని చదివేయగలనని అతని నమ్మకం. ఈ తల్లీకూతుళ్ళని కూడా అంతలోనే చదివేశాడు. కూతురు శ్రావ్యది తాడేపల్లిగూడెంలో బ్యాంకు ఉద్యోగం. తల్లిది పెంటపాడు, వరి పొలం. కూతురి మనసు కొండల మీద ఉంది. తల్లి మనసు కూతురి మీద ఉంది.

“గ్యాసుదైతే సులువు కదండీ?” అంది శ్రావ్య.

“గ్యాసు డబ్బా రైలు ఎక్కనివ్వరండీ. దీనికైతే అడవిలో రాలిన పుల్లే గ్యాసు.”

“రేపు సాయంత్రమే రైలు.” శ్రావ్య గొంతు తగ్గించింది. “పదకొండుమంది ఆడవాళ్ళు, తొమ్మిది రోజులు. ఎవరి పొయ్యి వాళ్ళే మోసుకోవాలి, ఎవరి వంట వాళ్ళే చేసుకోవాలి. మా నాన్నగారు ఒకటే మాటన్నారండీ. పొయ్యి అమ్మకి నచ్చితేనే ప్రయాణం, లేకపోతే టిక్కెట్టు రద్దు చేసేయమన్నారు.”

ఉదయ్‌కి ఆ ఇల్లంతా కళ్ళకి కట్టినట్టయింది. అతని పద్దెనిమిదో ఏట స్నేహితులంతా కొల్లేట్లో పడవ మీద వెళ్తే, తల్లి దుర్గాదేవి అతని చెప్పులు దాచేసింది. ఎందుకని అడిగితే, “పడవ పాతది” అంది. భయం ఎప్పుడూ సొంత పేరుతో రాదనీ, వస్తువు మీద వంకగా వస్తుందనీ అతనికి ఆ రోజే తెలిసింది.

అతను ఇంకో పొయ్యి తీసి చూపించాడు. మడిచి జేబులో పెట్టుకునే రకం.

“ఇది వద్దు,” అంది వెంకటనరసమ్మ. “చలికి వేళ్ళు కొంకర్లు పోతే ఈ బుల్లి మేకులెవరు బిగిస్తారు? రేకుల సందుల్లోంచి గాలి కొట్టేయదూ?”

“అమ్మా, అన్నిటికీ అలా అంటే ఎలా?”

“అనకపోతే అక్కడికెళ్ళాక అనాలి. పైకి పోయేకొద్దీ ఊపిరి ఆడదంటున్నారు. పొయ్యి ఊదడానికి ఎక్కడ తెస్తాం?” ఆవిడ ఉదయ్ వైపు తిరిగింది. “నువ్వు ఏ కొండెక్కావు బాబూ?”

“కొట్టు వదిలి కుదరడం లేదండీ.”

“మరేలే.”

ఆ ఒక్క ముక్కా అతనికి ఎక్కడో తగిలింది. ఈవిడని ఒప్పించి తీరాలనిపించింది. చెయ్యి అలవాటుపడ్డ పనికి మనసు భయపడదు. అతని దగ్గర ఉన్న మంత్రం అదొక్కటే.

“మీరే వెలిగించి చూడండమ్మా,” అన్నాడు.

కొట్టు వెనక పెరట్లో కూర్చున్నారు. పక్కనున్న వడ్రంగి కొట్టు నుంచి ఆవిడ దోసెడు రంపపు పొట్టు అడిగి తెచ్చుకుంది. ఉదయ్ జేబులోని పెన్ను తీసుకుని పొయ్యి మధ్యలో నిలబెట్టి, చుట్టూ పొట్టు గట్టిగా కూరి, పెన్ను మెల్లగా పైకి లాగేసింది. ఇంటి దగ్గర ఊక పొయ్యిలో సీసా పెట్టి కూరినట్టే. అగ్గిపుల్ల గీసింది. మంట రాలేదు. పెరడంతా పొగ.

“అమ్మా, ఇది ఊక పొయ్యి కాదే,” అంది శ్రావ్య దగ్గుతూ.

“పొయ్యంటే కూరేదేగా అనుకున్నాను.”

ఆవిడ ముఖం మొదటిసారి చిన్నబోయింది. ఉదయ్‌కి జాలేసింది, లోపల కొంచెం హాయిగానూ అనిపించింది. పొట్టు దులిపేసి, చల్లారాక పొయ్యి బోర్లించి చూపించాడు. “దీనికి రెండు గోడలున్నాయండీ. కింది చిల్లుల్లోంచి వెళ్ళిన గాలి గోడల మధ్య వేడెక్కి, పై చిల్లుల్లోంచి మంటలోకి వస్తుంది. కూరేస్తే ఊపిరాడదు.”

వెంకటనరసమ్మ చిల్లుల్లో వేలు పెట్టి చూసింది.

“అయితే పైనుంచి అంటించాలన్నమాట.”

అతను ఆ సంగతి ఇంకా చెప్పనేలేదు.

పెరట్లో పడున్న ఎండు కొబ్బరి మట్టని వేలెడు ముక్కలుగా చీల్చి, సందులు ఉండేలా పేర్చి, పైన అంటించింది. మంట నీలంగా, గుండ్రంగా లేచింది. ఊదే పని పడలేదు. పొగ లేదు. ఉదయ్ తెచ్చిచ్చిన గిన్నెలో గ్లాసుడు బియ్యం ఎక్కించింది. అరగంట గడవకముందే ఆవిడ మెతుకు తీసి నలిపి చూసింది.

“ఉడికింది. ఇది బుద్ధున్న పొయ్యి.”

శ్రావ్య అదంతా ఫోనులో తీసి తండ్రికి పంపింది. ఆమె చూపు పొయ్యి మీద లేదు. తల్లి మీద ఉంది. ఆ చూపులో గర్వం ఉదయ్‌కి స్పష్టంగా కనబడింది. అమ్మ ఒప్పుకుందన్న గర్వం కాబోలు అనుకున్నాడు.

“నాన్నగారు సరేనన్నారు,” అంది శ్రావ్య ఫోను చూసి.

ఉదయ్ ఛాతీ విరుచుకుని గాలి పీల్చాడు. ఒక తల్లి గుప్పిట విప్పించాడు. తన చెప్పులు దాచిన చేతుల్ని ఇన్నేళ్ళకి గెలిచినట్టనిపించింది. సొరుగులోంచి ఎర్ర తాడు కట్టిన ఈల తీసి శ్రావ్య చేతిలో పెట్టాడు.

“కొండెక్కేవాళ్ళకి మా కొట్టు కానుకండీ. దారి తప్పితే ఊదాలి. తిరిగొచ్చేదాకా మెడలోంచి తీయకూడదు.”

శ్రావ్య దాన్ని తల్లి మెడలో వేసింది.