వనపర్తి దాకా ఆగదు

ఆ ఉదయం సుదర్శన్ చేయాల్సిన పనులు ఇవి.

సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో సర్దుకోవాలి. బస్సుల సమ్మె కాబట్టి మామ పాత మారుతి కారు అడగాలి. గద్వాలలో పెట్రోలు పోయించాలి. పది గంటల్లోపు వనపర్తి కాలేజీలో ఇంటర్వ్యూకు హాజరు కావాలి.

పది దాటితే లోపలికి రానివ్వరు. ఇంట్లో చదువుకున్నవాడు అతనొక్కడే.

గట్టులో బయలుదేరేటప్పుడు మామ రామచంద్రయ్య ఇంకోటి కలిపాడు.

"అల్లుడా, ఏడ గూడ ఆపకు. ఎక్సలేటర్ మీంచి కాలు తీస్తే ఇంజన్ సచ్చిపోతది."

పెబ్బేరు దాటాక మేకల మంద అడ్డొచ్చింది. సుదర్శన్ కాలు తీశాడు. కారు వణికి ఆగిపోయింది.

స్టార్ట్ చేశాడు. ఆగింది. మళ్లీ చేశాడు. మళ్లీ ఆగింది.

రోడ్డు పక్క నుంచి ఒక ముసలాయన పరుగున వచ్చాడు. మాసిన ధోవతి, తలకు తువ్వాల.

"ఏడికి సారూ, వనపర్తికేనా?"

"అవును. జర పక్కకు జరుగు తాతా."

సుదర్శన్ బానెట్ ఎత్తి, ఇంజన్ వేగం పెంచడానికి మామ చూపించిన స్క్రూను స్క్రూడ్రైవర్‌తో తిప్పాడు. ఇంజన్ గట్టిగా అరిచింది. ఒక నిమిషం అరిచి ఆగిపోయింది.

"అది పెంచితే గొంతు పెరుగుతది సారూ, రోగం పోదు."

"నీకేం తెలుసు?"

"ఇరవై ఏండ్లు జీపులు బాగుచేసిన. పెంటయ్య అంటరు నన్ను. మళ్లొకపారి స్టార్ట్ చెయ్యి. కాలు కొద్దిగ ఆనిచ్చి పెట్టు."

వేరే దారి లేదు. సుదర్శన్ సీట్లో కూర్చున్నాడు.

పెంటయ్య ఇంజన్ మీదికి వంగి చెవి పెట్టాడు.

"బుస్సుమంటుంది, ఇనవడుతుందా? ఏడ్నో దొంగగాలి గుంజుతుంది."

ఒక్కో గొట్టాన్నే వేళ్లతో నొక్కుతూ పోయాడు. సన్నటి రబ్బరు గొట్టం దగ్గర వేళ్లు బిగించగానే ఇంజన్ వణుకు తగ్గింది. వదిలితే మళ్లీ వణికింది.

"దొరికింది!"

ఇంజన్ ఆపించి, పగిలిన కొసను చిన్న కత్తితో కోసి, మంచి కొసను బిగించాడు. సుదర్శన్ పెంచిన స్క్రూను వెనక్కి తిప్పాడు.

"ఇగ స్టార్ట్ చేసి కాలు తియ్యి."

సుదర్శన్ భయంభయంగా తీశాడు. ఇంజన్ ఆగలేదు. మెత్తగా, ఒకే తీరుగా తిరుగుతోంది.

పెంటయ్య ఒక్క క్షణం చెవి పెట్టి విన్నాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంజన్ వేడికేమో అనుకున్నాడు సుదర్శన్.

"వనపర్తి దాంక ఆగదు సారూ. నాది పూచీ. జర నిలబడు, గిప్పుడే వస్త."

చెప్పి గుడిసెల వైపు ఉరికాడు.

సుదర్శన్ గడియారం చూశాడు. తొమ్మిదీ ముప్పై అయిదు.

ఈ ఊళ్లలో పని చేసిపెట్టినవాళ్లే మజ్జిగ కూడా తెచ్చి తాగిస్తారు. వద్దంటే చిన్నబోతారు. తాగేదాకా కదలనివ్వరు. అతనికి తెలుసు, అతని ఇంట్లోనూ అంతే.

కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు.

"మజ్జిగ వద్దు తాతా! వచ్చేటప్పుడు తాగుత!"

కారు కదిలింది. వనపర్తి దాకా ఆగలేదు.

ఉద్యోగం వచ్చింది.

సాయంత్రం మిఠాయి డబ్బాతో అక్కడే దిగాడు. గుడిసెల ముందు జనం మూగి ఉన్నారు. కిష్టమ్మ అనే ముసలామె ఎదురొచ్చింది.

"పెంటయ్య తాత ఉన్నడా అవ్వా? పొద్దున నా కారు బాగుచేసిండు."

ఆమె కారు వైపు చూసింది. డబ్బా వైపు చూసింది.

"లోపలున్నడు కొడుకా. పెండ్లాం పీనుగు కాడ."

సుదర్శన్ డబ్బా కింద పెట్టాడు.

"జములమ్మకు తెల్లారంగనే గుండెల నొప్పి లేచింది. బస్సుల్లేవాయె. బండి కోసం రోడ్డు మీదనే నిలబడ్డడు."

"నాతోని ఒక్క మాట చెప్పకపాయె గదా అవ్వా!"

"ఆగిపోయిన బండిని ఏమని అడుగుతడు?"

చదివేవారికి ఒక్క మనవి: మీ కారు నిలకడగా తిరుగుతున్నప్పుడు పెంటయ్యను ఒకసారి తలుచుకోండి, ఆ కారును ఆయన బాగుచేసింది జములమ్మను దవాఖానకు తీసుకుపోవడానికి, ఆమెను రెండు చేతులా ఎత్తుకుని రోడ్డు మీదికి వచ్చేసరికి అక్కడ దుమ్ము తప్ప ఏమీ లేదు.